మసిగుడ్డకు రెండర్థాలు

మార్చి నెల తొమ్మిదో తేదీ, సోమవారం ఉదయం, కళాశాల పరిపాలన భవనంలో రిజిస్ట్రారు గారి గది. హాజరైనవారు: బల్ల వెనుక రిజిస్ట్రారు గారు, ఆయన పక్కన కుర్చీ అంచున కూర్చున్న హాస్టలు వార్డెను, సమావేశం వివరాలు రాసుకుంటున్న గుమాస్తా, గోడవారన నిలబడ్డ హాస్టలు వంటావిడ, తననెందుకు పిలిచారో ఇంకా తెలియని నిఘంటు విభాగం సంపాదకురాలు. నిలబడ్డ మనిషికి ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. హాజరైనవారి వివరాలు శ్రద్ధగా రాసుకున్న గుమాస్తా ఈ సంగతి మాత్రం రాయలేదు.

సంపాదకురాలు యాభై దాటిన మనిషి. సెలవు కాగితం ఇవ్వడానికి తప్ప ఈ భవనంలోకి అడుగుపెట్టిన సందర్భాలు ఆమెకు గుర్తులేవు. కుర్చీలో కూర్చున్నాక, చీర చెంగుకు అంటిన పుస్తకాల దుమ్మును ఇతరుల కంటబడకుండా దులుపుకుంటూ, ఇక తన విభాగాన్ని మూసేస్తున్నామని చెబుతారేమోనని మనసులో సిద్ధపడింది.

"మీ టైము ఎక్కువ తీసుకోం మేడం," అన్నారు రిజిస్ట్రారు గారు. "ఒకే ఒక్క మాట. మసిగుడ్డ అంటే ఏంటో చెప్పి వెళ్ళండి."

ఆమె నవ్వబోయింది. బల్లమీద ఉన్న కాగితాన్ని చూసి ఆగింది. అది తమ నిఘంటువులోని పుటకు జిరాక్సు. 'మసిగుడ్డ' అనే పదం కింద ఇచ్చిన రెండు అర్థాలలో రెండోదాని కింద ఎర్రసిరాతో గీత గీసి ఉంది: 'నిందార్థమున, అల్పుడు, కొరగానివాడు.'

జరిగిన సంగతి గుమాస్తా చదివి వినిపించాడు. కిందటి వారం హాస్టలు వంటశాలలో, విద్యార్థులు వింటూ ఉండగా, వంటావిడ వార్డెను గారిని 'మసిగుడ్డ' అని దూషించింది. వార్డెను రాతపూర్వకంగా ఫిర్యాదు చేశారు. అది దూషణేనని తేలితే ఆమెను కొలువులోంచి తీసేస్తారు. ఆ ఉత్తర్వు కూడా సిద్ధంగా, పేపరువెయిటు కింద, ఫ్యాను గాలికి ఒక మూల ఎగిరెగిరి పడుతూ ఉంది.

"మసి అనే మాటకు పొగచూరిన నల్లదనం అని ఒక అర్థమండీ," అని మొదలుపెట్టింది సంపాదకురాలు, అలవాటు కొద్దీ. "సిరా అని ఇంకొకటి. పూర్వం సిరాబుడ్డిని మసిబుర్ర అనేవారు. దీపం మసితోనే సిరా చేసుకునేవారు కాబట్టి, రాతగదిలోనూ వంటగదిలోనూ ఒకే మాట తిరిగింది. ఇక గుడ్డ అన్నది…"

"అది పుట్టుక మేడం. మాకు కావలసింది వాడుక."

"వాడుక వాక్యంలో ఉంటుందండీ. ఈవిడ అన్న వాక్యం ఏమిటి?"

గుమాస్తా ఫిర్యాదును వెనక్కీ ముందుకీ తిప్పాడు. అందులో మాట ఉంది గాని వాక్యం లేదు. వార్డెను తన చేతిగోళ్ళను పరీక్షిస్తున్నాడు.

"సరే, గురువారం దాకా తీసుకోండి," అన్నారు రిజిస్ట్రారు గారు విసుగును మర్యాదగా మింగి. "కనుక్కుని, అభిప్రాయం రాసివ్వండి. మీరు రాసిందే మాకు వేదం."

వరండాలో వంటావిడ ఆమె వెనకాలే నడిచింది. పొడవాటి మనిషి. ఒక భుజం కొంచెం కిందికి వాలి ఉంటుంది.

"అమ్మా, మీ పుస్తకంలో నిజంగా నా మాట ఉందా?"

"ఉంది."

"అయితే నాకన్నా ముందే ఎవరో ఎవరినో అని ఉంటారన్నమాట. మరి వాళ్ళనేం చేశారు?"

వంటావిడ జవాబు కోసం ఆగలేదు. పొయ్యి మీద ఎసరు వదిలేసి వచ్చానంటూ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మర్నాడు మంగళవారం. సంపాదకురాలు వంటశాలకు వెళ్ళేసరికి మధ్యాహ్నపు వంట జోరుమీదుంది. ఆవిరికి కళ్ళజోడు మసకబారి, తుడుచుకునేలోపు మళ్ళీ మసకబారింది. వరుసగా నాలుగు పెద్ద పొయ్యిలు. గ్యాసు పొయ్యిలే కాబట్టి ఏ గిన్నె అడుగునా మసి లేదు. అయినా పొయ్యిగట్టు మీద మడతపెట్టి ఉంచిన పాతగుడ్డలను అక్కడందరూ మసిగుడ్డలనే అంటున్నారు. మసి పోయినా మాట పోలేదన్న సంగతి ఆమెకు ముచ్చటగా తోచింది. చేతిలోని కాగితం మీద రాసుకుంది కూడా.

తూము దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు పీటలమీద కూర్చుని గిన్నెలు తోముతున్నారు. వాళ్ళు తోడికోడళ్ళు.

"ఆ రోజు మీరు ఆయనతో సరిగ్గా ఏమన్నారు? మాటకు మాట చెప్పగలరా?" అని అడిగింది సంపాదకురాలు.

"ఏమన్నానో ఏం గుర్తుంటుందమ్మా!" అంది వంటావిడ గరిటె తీయకుండానే. "ఇక్కడ ఎసరు పొంగుతోంది. అక్కడ ఆయన కాగితం చదువుతున్నారు. రెండూ ఒక్కసారే ఎలా వినపడతాయి?"

"నేను చెప్తానుండండి," అని పెద్ద తోడికోడలు చేతులు కడుక్కుంది. "'మీరు మసిగుడ్డ బాబూ' అంది."

"కాదక్కా," అంది చిన్నది. "'మిమ్మల్ని మసిగుడ్డని చేశారు బాబూ' అంది."

"నీకు చెవుడు."

"నీకు మరుపు. పొద్దున పెట్టిన పీచు ఎక్కడుందో ఇప్పటికీ వెతుక్కుంటున్నావు గానీ, పోయిన వారం మాట నీకు గుర్తుందా?"

"పీచు నువ్వు దాచావు కాబట్టి వెతుక్కుంటున్నాను!"

సంపాదకురాలు రెండు వాక్యాలూ రాసుకుంది. మొదటిదానిలో ఒకణ్ణి ఏదో అనడం ఉంది. రెండోదానిలో ఒకణ్ణి ఇంకెవరో ఏదో చేయడం ఉంది. తిట్టుకూ జాలికీ మధ్య ఎడం ఒక క్రియాపదమంత. ఇంత స్పష్టమైన ఉదాహరణ చాలాకాలంగా ఆమె చేతికి చిక్కలేదు. అలసిపోయిన ఒంట్లో ఎక్కడో చిన్న హుషారు కదిలింది.

అంతలో వంటావిడ "పట్టండర్రా" అని పిలిచింది. పెద్ద తోడికోడలు లేచి వచ్చింది. పెద్ద గంగాళానికి అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. ఇద్దరూ పాతగుడ్డలను నాలుగు మడతలు వేసి చెవులకు చుట్టారు. ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకుని, ఒకే ఊపిరిలో పైకి లేపి, వంగకుండా మోకాళ్ళు మాత్రమే వంచి, కింద గట్టుమీదికి దించారు. లోపలి నీళ్ళు అంచుదాకా వచ్చి, వెనక్కి తగ్గాయి. చిన్నామె అప్పటికే తడినేల మీద గోనెపట్టా పరిచి ఉంచింది, కాలు జారకుండా.

"వచ్చే వారం నుంచి వీళ్ళిద్దరూ ఉండరటగా?" అంది సంపాదకురాలు, వస్తూ గుమ్మం దగ్గర విన్న మాట గుర్తొచ్చి.

"ఆ కాగితమే ఆయన చదివింది. ఇద్దరినీ తీసేశాం, ఉన్నవాళ్ళతో సర్దుకోండి అని." వంటావిడ చెంగుతో ముఖం తుడుచుకుంది. "రెండోవైపు ఎవరు పట్టుకుంటారు బాబూ అని అడిగాను. పైవాళ్ళు చెప్పారు, నేను చదివాను అన్నారు. ఆ పైన నోట్లోంచి ఏదో వచ్చింది. అంతే గొడవ."

ఈ చివరిమాటలు 'మసిగుడ్డ' అనే పదానికి సంబంధించినవి కావు గనుక సంపాదకురాలు వాటిని రాసుకోలేదు.

సాయంత్రం ఇంట్లో, అక్క కూరగాయలు తరుగుతూ ఇదంతా విన్నది. అక్కాచెల్లెళ్ళిద్దరే ఆ ఇంట్లో ఉండేది. వంటగది అక్కది, తక్కిన గదులు పుస్తకాలవి.

"ఒకావిడ ఇల్లు కాలి ఏడుస్తుంటే, నువ్వెళ్ళి చుట్టకి నిప్పడిగినట్టు వాక్యం అడిగొచ్చావా?"

"వాక్యం దొరికితేనే కదా అక్కా ఆవిడ ఉద్యోగం నిలబడేది."

"ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అన్నారా? ఆయన మసిగుడ్డ కాకపోతే నవ్వేసి ఊరుకునేవాడు." అక్క కత్తిపీటను గోడకు చేరేసింది. "అయినా ఈ ఇంట్లో మసిగుడ్డ ఎక్కడుంటుందో నీకు తెలుసా? చూపించు చూద్దాం."

సంపాదకురాలు వంటగదిలోకి వెళ్ళి ఒక గుడ్డ పట్టుకొచ్చింది. అది చేతులు తుడుచుకునేది. అక్క ఊపిరాడకుండా నవ్వింది. ఎంతోకాలానికి ఆ ఇంట్లో అంత నవ్వు వినిపించింది. సంపాదకురాలు కూడా నవ్వి, నవ్వినందుకు మరింత అలసిపోయి, దీపం వెలిగించకుండానే తన గదిలో కాసేపు కూర్చుంది.

బుధవారం వార్డెను నిఘంటు విభాగానికి తానుగా వచ్చాడు. అతను లెక్కల అధ్యాపకుడు. నలభై అయిదేళ్ళుంటాయి. హాస్టలు బాధ్యత అందరూ వద్దంటే అతనికి అంటగట్టారని అందరికీ తెలుసు. బీరువాల మధ్య సందులో పక్కకు తిరిగి నడుస్తూ, అద్దాల వెనకున్న పుస్తకాలను ఆసుపత్రిలో రోగుల్ని చూసినట్టు చూస్తూ వచ్చి, ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"కూర్చోండి."

"ఒక్క నిమిషమే మేడం." అయినా కూర్చున్నాడు. "సంస్కృతంలో గానీ ఎక్కడైనా గానీ, దానికి మరీ పచ్చి బూతు అర్థం ఏమైనా ఉందా?"

"లేదండీ."

"కొంచెమైనా?"

"లేదు. ఎందుకు, ఉండాలా?"

"ఉంటే బాగుండేది," అన్నాడతను నిజాయితీగా. "ఫిర్యాదుకి బలం ఉండేది."

"ఫిర్యాదు మీరే రాశారు కదా?"

"నేనే రాశాను. అంటే… పిలిచి చెప్పారు. రాశాను." కిటికీలోంచి బయటికి చూశాడు. "మా ఆవిడతో చెప్పాను, వంటావిడ ఇలా అందని. జాలిపడుతుందనుకున్నాను. కాఫీ ఒలికిపోయేలా నవ్విందండీ. 'పాపం, కొత్తగా ఏం కనిపెట్టింది' అంది. మా పెద్దాడు కూడా నవ్వాడు. నిన్నటి నుంచి ఇంట్లో వంటగదిలోకి వెళ్ళాలంటేనే చిన్నతనంగా ఉంది."

సంపాదకురాలు నవ్వు ఆపుకుంది. అతని చొక్కా జేబు అంచున పెన్ను కారి నల్లటి మరక పడి ఉంది.

"ఆవిడ 'మీరు మసిగుడ్డ' అన్నారా, 'మిమ్మల్ని మసిగుడ్డని చేశారు' అన్నారా?"

లెక్క మధ్యలో మెట్టు తప్పినవాడిలా వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు.

"చేశారు అన్నట్టే గుర్తు," అన్నాడు చివరికి. "ఎందుకంటే, ఎవరు చేశారూ అని నేను అడగబోయి ఆగిపోయాను."

అతను వెళ్ళాక ఆమె కాగితం ముందు పెట్టుకుంది. తడబాటు లేకుండా రాసింది. 'మసిగుడ్డ: వేడిపాత్రను దించేటప్పుడు చేతికీ పాత్రకూ నడుమ పట్టుకునే పాతగుడ్డ. మసిబట్ట, మసిపాత అని కూడా. నిందార్థంలో వాడుక కలదు గాని విరళం. ప్రస్తుత సందర్భంలో, విన్నవారిలో ఇద్దరి సాక్ష్యాన్ని బట్టి, ఇది దూషణ కాదు, ఉపమానం.' అక్కడితో సరిపోయేది. కాని నివేదిక అక్కడ తెగిపోయినట్టు, కొస ముడి వేయని కుట్టులా అనిపించింది. గురువారం గదిలో అందరూ తేలికపడి లేచి వెళ్ళడానికి ఒక వాక్యం కావాలి. కాస్త ఆలోచించి చేర్చింది: 'ఈ వివాదానికి మూలం ఒక మాటను అర్థం చేసుకోవడంలోని తేడాయే తప్ప వేరొకటి కాదు.' మరోసారి చదువుకుంది. వాక్యం తూకం కుదిరింది. సాయంత్రం ఇంట్లో అక్కకు కూడా చదివి వినిపించింది.

"బావుందే," అంది అక్క. "ఆవిడ ఉద్యోగానికి ఎసరు తప్పినట్టే."

గురువారం అదే గది, అదే మనుషులు. పేపరువెయిటు కింద కాగితం కూడా అదే. వంటావిడ మళ్ళీ గోడవారనే నిలబడింది. గుమాస్తా సంపాదకురాలి అభిప్రాయాన్ని తీసుకుని రిజిస్ట్రారు గారికి అందించబోతే, ఆయన "ముందు వార్డెను గారినే చదవనివ్వండి, బాధితులు వారే కదా" అన్నారు.

వార్డెను పైకి చదివాడు. తరగతిలో పాఠం చదివినట్టే మొదలుపెట్టాడు.

"మసిగుడ్డ. వేడిపాత్రను దించేటప్పుడు చేతికీ పాత్రకూ నడుమ…" ఆగాడు. మళ్ళీ మొదటినుంచీ చదివాడు, ఈసారి నెమ్మదిగా. "చేతికీ పాత్రకూ నడుమ పట్టుకునే పాతగుడ్డ." అంతకుమించి ముందుకు పోలేదు. కాగితాన్ని బల్లమీద పెట్టి, ముడతలు లేకపోయినా అరచేత్తో చదును చేశాడు.

"ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ."

"అదేమిటి?" అన్నారు రిజిస్ట్రారు గారు.

"అర్థం తెలిసిందండీ."

గుమాస్తా కలం ఆగిపోయింది, ఇది రాయవచ్చునో లేదో తెలియక. వంటావిడ వార్డెను వంక చూసింది. ఆ చూపులో గెలుపు లేదు. పడిపోబోయిన మనిషి ఎవరి చేయో అందుకుని నిలదొక్కుకుంటే పక్కవాళ్ళు చూసే చూపు అది. ఇన్నేళ్ళుగా బీరువాల మధ్య తాను మడిచి పెడుతూ వచ్చిన మాటలలో ఒకటి లేచి వెళ్ళి ఒక మనిషిని తాకడం సంపాదకురాలు కళ్ళారా చూసింది.

రిజిస్ట్రారు గారు కాగితం తీసుకుని చివరిదాకా చదివారు. ఆఖరి వాక్యం దగ్గర ఆయన కనుబొమలు కొంచెం లేచి, తర్వాత సుఖంగా కిందికి దిగాయి.

"మంచిదే అయింది," అన్నారు. "ఏమ్మా, నిలబడ్డావేం? కూర్చో."

వంటావిడ కూర్చోలేదు. కుర్చీ వెనక చేయి ఆనించింది.

ఆయన గుమాస్తాకు చెప్పడం మొదలుపెట్టారు. తొందరేమీ లేదు. నీళ్ళు తాగుతూ, ఒక్కొక్క మాటా అందిస్తూ చెప్పారు. గుమాస్తా రాసి, సంతకం కోసం సంపాదకురాలి ముందు పెట్టాడు.

అందులో ఇలా ఉంది: వంటశాల సిబ్బంది విషయమై తలెత్తిన వివాదానికి మూలం ఒక మాటను అర్థం చేసుకోవడంలోని తేడాయే తప్ప వేరొకటి కాదని నిఘంటు విభాగం వారు తేల్చినందున, వార్డెను ఫిర్యాదూ, అంతకుముందు వంటావిడ లేవనెత్తిన అభ్యంతరమూ రెండూ ముగిసినట్టే. వంటావిడను కొలువులో కొనసాగించడమైనది. పాత్రలు శుభ్రపరచు ఇద్దరిని తొలగిస్తూ ఇచ్చిన ఉత్తర్వు యధాతధం.

ఆమె రెండుసార్లు చదివింది.

"అభ్యంతరం వేరే విషయమండీ," అంది. "ఇద్దరినీ తీసేస్తే గంగాళానికి రెండోవైపు ఎవరు పట్టుకుంటారని ఈవిడ అడిగారు. అది మాటకు సంబంధించింది కాదు."

"వేరొకటి కాదని మీరే రాశారు కదా మేడం."

"నేను మాట గురించి రాశాను."

"మేమూ మీ మాటే రాశాం. ఒక్క అక్షరం మార్చలేదు."

"నా వాక్యం తీసేయండి. మిగిలింది ఉంచండి."

"తీసేస్తే ఇక తేలినట్టు ఎలా అవుతుంది?" రిజిస్ట్రారు గారి గొంతులో కోపం లేదు, దయ లాంటిదే ఉంది. "వార్డెను గారు వెనక్కి తీసుకున్నా, విద్యార్థుల ముందు రభస జరిగిన మాట నిజమే కదా. అప్పుడు ఈ రెండో కాగితం ఉండనే ఉంది." పేపరువెయిటును వేలితో కొంచెం జరిపారు. "నేను పెట్టే సంతకం కాదిది. నిపుణులు మీరు. వాళ్ళిద్దరి తరఫునా రేపెవరైనా వచ్చి అడిగితే, పండితులే తేల్చారని చూపిస్తాం. మనందరికీ శ్రమ తగ్గుతుంది."

సంపాదకురాలు వార్డెను వైపు చూసింది. అతను ఈసారి తల దించుకోలేదు. ఆమె కళ్ళలోకే చూశాడు. అతని ముఖంలో తప్పించుకున్నవాడి నిశ్చింత ఉంది, దాని వెనకాలే సిగ్గూ ఉంది. కొద్దిగా జరిగి, ఆమె మోచేతికి బల్లమీద చోటు ఇచ్చాడు.

ఆమె వంటావిడ వైపు తిరిగింది. "నేను సంతకం పెట్టను. మీరు వద్దనండి, పెట్టను."

"మీరు పెట్టకపోతే?"

"మిమ్మల్ని కూడా తీసేస్తారు."

"పెడితే?"

"వాళ్ళిద్దరినీ తీసేసింది నా మాట మీద అవుతుంది."

వంటావిడ కుర్చీ వీపును కాసేపు నిమిరింది. కిటికీలోంచి హాస్టలు కప్పు కనిపిస్తోంది. అక్కడి గొట్టంలోంచి ఆవిరి తెల్లగా పైకి పోతోంది.

"ఇంట్లో తినే నోళ్ళున్నాయమ్మా," అంది. "పెట్టండి. చిన్నదానికి నేనే చెప్తాను. పెద్దదానికి చెప్పక్కర్లేదు, మొదటినుంచీ తెలుసు దానికి." కాస్త ఆగి, "మీరేం చేస్తారు, పాపం," అంది.

ఆ 'పాపం' సంపాదకురాలికి ఎక్కడో విన్నట్టు అనిపించింది. ఎక్కడో గుర్తు తెచ్చుకునే ప్రయత్నం చేయలేదు.

కలం మూత తీసింది. సంతకం పెట్టవలసిన చోటు వెతుకుతూ ఉండగా, అన్నేళ్ళ అలవాటు కొద్దీ ఆమె చూపు పైవరుసలో చిక్కుకుంది. యధాతధం. అందరూ చేసే తప్పే. రెండు 'థ'లూ 'ధ'లుగా పడ్డాయి. ఆమె చేయి తనంతట తానుగా అక్కడికి వెళ్ళింది. మొదటి అక్షరం పొట్టలో ఒక చుక్క పెట్టింది. రెండో అక్షరం పొట్టలో మరో చుక్క పెట్టింది. యథాతథం. చుక్కలు రెండూ సమంగా, గుండ్రంగా కుదిరాయి. ఏం చేసిందో అప్పుడు అర్థమై, కలం గాలిలోనే ఆగింది. తర్వాత కింద సంతకం చేసింది. దిద్దిన చోట కూడా పొట్టి సంతకం కావాలని గుమాస్తా గుర్తు చేస్తే, అదీ చేసింది.

"ఇప్పుడు తప్పులేదు," అన్నారు రిజిస్ట్రారు గారు మెచ్చుకోలుగా.

సిరా ఆరేదాకా ఆయన కాగితాన్ని ఫ్యాను గాలికి పట్టుకున్నారు. ఆరాక, అంచుకు అంచు కలిపి మూడు మడతలు పెట్టి, సొరుగులో వేసి, సొరుగు మూశారు.